తేనెబండి

జుమ్మనే మోత వినబడగానే ఫరజ్ వ్యానును రేగు చెట్టు నీడలోకి తిప్పి ఇంజను ఆపేశాడు.

వ్యానులో అరవై పొడవాటి మట్టి గొట్టాలు, వాటి నిండా తేనెటీగలు. పోయిన నెల హద్రమౌత్ ఎడారి సీమలో ఈ దారిలోనే అలాంటి తేనెబండిని రాకెట్ల బండి అనుకుని డ్రోను పేల్చేసింది. అందుకే గొట్టాలు పైకి కనబడకుండా టార్పాలిన్ బిగించి కట్టాడు.

"పాత విమానాలే నయం. వచ్చి, బాంబులేసి, పోయేవి. ఈ డ్రోను పోయే రకం కాదు," అన్నాడు భార్య ముజ్నాతో.

మిట్టమధ్యాహ్నం దాటింది. రెండు గంటలైనా మోత ఆగలేదు. ఉన్నట్టుండి ముజ్నా పగలబడి నవ్వింది.

"నీ భయం తగలెయ్య! అది మన ఈగల మోతయ్యా. నువ్వు పెంచినవాటికే దడిసి కూచున్నావు!"

ఫరజ్‌కీ నవ్వాగలేదు. బండిని ఆరుబయటికి తెచ్చి ఆపాడు. "పాపం, వాటికీ కాస్త గాలాడనీ" అంటూ ముజ్నా వెనక్కెక్కి టార్పాలిన్ మొత్తం లాగేసింది.

గొట్టాల మూతుల దగ్గర ఈగలు నల్లగా కుప్పపడి ఉన్నాయి. ఆమె ఒక గొట్టానికి చెవి ఆనించింది. ఇంకోదానికి ఆనించింది. టార్పాలిన్ కింద ఉక్కకు ఎప్పుడో ఉడికి చచ్చాయి. ఒక్కదాంట్లోనూ చప్పుడు లేదు.

మోత మాత్రం వినబడుతూనే ఉంది.