రాగిరేకు

"లోపల బనియను నూలుదేనా?"

"నూలుదేనమ్మా."

"సాక్సు?"

"అవీ నూలే. నైలాను ఒక్క పోగు లేదు."

"ఎర్తు వైరు బండికి తగిలించినాకే గొట్టం పెట్టు. ముందు పెట్టొద్దు."

"సరి అమ్మా."

పంచవర్ణం ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. కోయంబత్తూరు అవతల రేసు ట్రాకులో ఇంజన్ల రొద. ఆ రొదలో కుమారవేల్ గొంతు సన్నగా వినిపిస్తోంది. ఆరు గంటలపాటు సాగే కార్ల రేసు. మధ్యలో బండి రెండుసార్లు వచ్చి ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ గొట్టంతో పెట్రోలు పట్టేది అతనే.

"బోర్డు ఎవరు పట్టుకుంటారు?"

"ప్రియక్క. గొట్టం బయటికి వచ్చింది చూసినాకే ఎత్తుతుంది. బోర్డు లేస్తేనే బండి కదలాల."

"నడిపేవాడికి చెప్పితివా?"

"మూడుసార్లు చెప్తినమ్మా."

"నాలుగోసారి చెప్పు."

"చెప్తాను. మీరు తింటిరా?"

"నీ పని అయినాక తింటాను."

ఫోను పెట్టేసేసరికి గుమ్మంలో నిరోషా నిలబడి నవ్వుతోంది. పోయిన నెలే పక్కింట్లో బాడుగకు దిగిన పిల్ల. పంచవర్ణానికి ఫోనులో రేసు పెట్టుకోవడం రాదు, అందుకని రమ్మంది.

"ఫోను ఇక్కడికే వినబడుతోంది. తల్లిని 'మీరు' అంటాడే మీవాడు! కోయంబత్తూరు మర్యాదా అత్తా?"

పంచవర్ణం నవ్వి ఊరుకుంది. "రేకు తాకి లోపలికి రా."

గుమ్మం పక్కన అరచేయంత రాగిరేకు. దాన్నుంచి ఒక తీగ నేలలోకి దిగి ఉంది. ఏళాయిరంపన్నై టపాసుల ఫ్యాక్టరీలో పంచవర్ణం ఇరవై రెండేండ్లు మందు కలిపింది. అక్కడ రేకు మీద అరచెయ్యి పెట్టకుండా ఎవరూ గదిలోకి అడుగు పెట్టరు. ఒంట్లో ఉండే కరెంటు భూమిలోకి దిగిపోవాల. లేకుంటే కంటికి కనబడని చిన్న రవ్వ చాలు. పని మానేసినా చెయ్యి మానలేదు. కోవిల్పట్టికి వచ్చాక ఇంటికీ ఒక రేకు కొట్టించుకుంది.

"నీ ఇంట్లో ఏముందత్తా పేలడానికి?" అంటూనే నిరోషా రేకు తాకింది.

"ఏమీ లేదు," అంది పంచవర్ణం.

ఆమె లోపలి సామి గదిలో ఫొటోల దగ్గర మల్లెపూలు పెట్టి, తలుపు దగ్గరకు వేసి వచ్చి కూర్చుంది. నిరోషా ఫోనును నీళ్ళ చెంబుకు ఆనించి నిలబెట్టింది.

"అందరూ ముసుగులే. మీవాడు ఏడీ?"

"ఎర్ర డ్రెస్సు. గొట్టం పట్టుకునే ముందు గోడ మీద చెయ్యి పెడతాడు చూడు. అక్కడ రేకు ఉంది, నేను పంపిందే. ఇంకెవరూ పెట్టరు."

"ముందు బండే నడిపేవాడంటివే? అది వదిలి గొట్టం పట్టుకునేవాళ్ళు ఉంటారా ఎవరన్నా?"

"నడిపేవాడికి వెనక ఏం జరిగేదీ కనబడదు."

"ఇంటికి ఎప్పుడొస్తాడు? నేనొచ్చి నెలాయె, ఒక్కసారీ చూళ్ళే."

"ప్రతిసారీ పిలుస్తాను. వస్తానంటాడు. రాడు."

మొదటిసారి బండి ఆగింది. ఎర్ర డ్రెస్సు మనిషి గోడ మీద చెయ్యి పెట్టాడు. గొట్టం లోపలికి పోయింది, బయటికి వచ్చింది, బోర్డు లేచింది. బండి వెళ్ళిపోయింది.

"అంతేనా? దీనికా పొద్దుటినుంచి తిండి మానేస్తివి!" అంది నిరోషా.

రెండోసారి బండి వేగంగా వచ్చి ఆగింది. గొట్టం పెట్టారు. ఎక్కడినుంచో పెట్రోలు చిమ్మి, బాగా వేడెక్కిన పొగగొట్టం మీద పడింది. నారింజ రంగు మంట ఒక్కసారిగా లేచింది. ఎవరో మంటలార్పే తెల్లపొడి కొట్టారు. తెరంతా తెల్లబడింది. మరుక్షణం ఫోనులో ట్రాకు మీద వేరే బండ్లు తిరుగుతూ కనిపించాయి.

"అత్తా..." నిరోషా ఫోను చేతికి తీసుకుంది.

పంచవర్ణం లేచి పోయి రాగిరేకు మీద అరచెయ్యి పెట్టింది. అలాగే నిలబడింది. నిరోషా ఏడుసార్లు ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు. పొయ్యి మీది పులుసు చల్లారిపోయింది. బిడ్డ ఏడుస్తున్నాడని నిరోషా వెళ్ళిపోయినా పంచవర్ణం రేకు మీంచి చెయ్యి తీయలేదు.

గంట తరవాత ఫోను మోగింది.

"నాకేం కాలేదమ్మా. కనుబొమలు కాలె, అంతే."

"బండి నడిపేవాడు?"

"బాగుండాడు. మంట చూసి బెదిరి బండి స్టార్ట్ చేసె. గొట్టం ఇంకా లోపలే ఉండె. పిడి మీంచి చెయ్యి తీస్తే పెట్రోలు దానంతటదే నిలిచిపోతుంది గదా. గొట్టం వదిలేసి బండి ముందుకు ఉరికి నిలబడితిని. నా మీంచి పోవాల గానీ... ఆపేసెనమ్మా. కదల్లేదు."

పంచవర్ణం సామి గది తలుపు వైపు చూసింది.

"ఇప్పుడు రావచ్చా అమ్మా?"

"విరుదునగర్‌లో దిగి బస్సు మారు. ఇక్కడ స్టాండు నుంచి నడిచే దూరమే. నీలం తలుపు."

మరునాడు మధ్యాహ్నం కుమారవేల్ వచ్చాడు. భుజాన సంచి, కనుబొమలు లేని ముఖం. రేకు మీద అరచెయ్యి పెట్టి గడప బయటే నిలబడిపోయాడు.

"సొంతింటికి రావడానికి ఇంత మొహమాటమా!" పక్క గుమ్మం నుంచి నిరోషా నవ్వింది.

పంచవర్ణం రేకు మీది ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. అతన్ని గడప దాటించి, ఇంట్లోకి నడిపించి, సామి గది తలుపు తెరిచింది. లోపల సామి పటాల పక్కనే ఒక కుర్రాడి ఫొటో; దానికి పెట్టిన మల్లెపూలు వాడినా వాసన పోలేదు.

మూడేండ్ల కిందట, ఆ ఫొటోలోని ఆమె కొడుకు చేతిలో గొట్టం ఉండగానే బండి కదిపినవాడు కుమారవేలే.