పలకరింపు

పెదనాన్న కాఫీ గ్లాసు నాన్న తలాపున పెట్టి, "ఏరా సంపే, ఒంట్లో ఎలా ఉంది? లే, కోడిపందేనికి పోదాం," అన్నాడు.

నాన్న ఆ ఉదయమే పోయాడు. మా తొరాజా కొండల్లో, అంత్యక్రియలకు దున్నను కోసేదాకా మనిషి పోయాడనకూడదు. జబ్బుగా ఉన్నాడనాలి, అన్నం పెట్టాలి, మాట్లాడాలి.

కల్లు గీయబోయి చెట్టు మీంచి పడ్డ నాన్న, వానాకాలమంతా ఇదే చాప మీద స్పృహ లేకుండా ఊపిరి మాత్రం తీస్తూ ఉన్నాడు. పెదనాన్న వచ్చేవాడు. "కట్టెలా పడున్నాడు, ఇంకేముందిలే," అని, ఆయన పక్కనే కూర్చుని చావుకు కోసే దున్నల బేరం మాట్లాడి వెళ్లేవాడు.

ఇప్పుడు నాన్న చెయ్యి నిమురుతూ, "వింటున్నావురా?" అన్నాడు.

అమ్మ దుప్పటి సర్దింది. "నిన్న అడగాల్సింది బావగారూ. మీ గొంతు వినపడితే ఆయన కనురెప్పలు అదిరేవి."