ఐదు దాకా బేరం

కుబాన్ చేతిలో అప్పటికి ఉన్నవి రెండే. ఒకటి పదిహేడో నంబరు ప్రశ్నల చీటీ. రెండోది పరీక్ష తీసుకుంటున్న కానిషాయ్ ఎజె పెన్ను. ఎజె అంటే కిర్గిజ్ భాషలో అక్క, టీచరమ్మనీ అలాగే పిలుస్తారు. చీటీలోని రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పడం అయింది. ఆమె అతని మార్కుల పుస్తకంలో ఏదో రాసి, మూసేసి, దానిమీద టీ పియాలా పెట్టింది. సిరా కక్కుతున్న అతని పెన్ను చూసి మొహం చిట్లించి, తన పెన్నే అతని ముందుకు తోసింది.

“మూడు చాలా?” అంది.

ఐదుకు మూడు. తప్పినట్టు కాదు. కానీ ఆ ఏడు కాలేజీలో ఉచిత సీటు ఒక్కటే ఖాళీ అయింది. లీనియర్ ఆల్జీబ్రాలో ఐదు తెచ్చుకుంటేనే అది కుబాన్‌ది. లేకపోతే చదువు ఇక్కడితో సరి. మళ్ళీ ఓష్ బజారులో వాల్‌నట్ బస్తాల వెనక కూర్చోవాలి.

కుబాన్ కంగారు పడలేదు. ఆరేళ్ళు దుకాణం నడిపినవాడు. మొదట చెప్పిన మాట ఆఖరి మాట కాదని అతనికి ఒకరు చెప్పాలా?

“మొదటి మాటకే లేచిపోయేవాడిలా కనిపిస్తున్నానా ఎజే? ఇంకో ప్రశ్న అడగండి. చెబితే నాలుగు.”

“చెప్పకపోతే రెండు. అంటే ఫెయిలే.”

“ఒప్పుకున్నా.”

“మూడు సమీకరణాలు రాశావు. నిర్ధారకం సున్నా వచ్చింది. ఏమిటి అర్థం?”

“నా ముందు మూడు బస్తాలున్నాయనుకోండి. ఒకదాంట్లో వాల్‌నట్లూ కిస్‌మిస్సూ. రెండోదాంట్లో వాల్‌నట్లూ ఆప్రికాట్లూ. మూడోది ఆ రెంటినీ కలిపేసిందే. చూసేవాడికి మూడు బస్తాలు, అసలు కలగలుపులు మాత్రం రెండే. మూడో సమీకరణం కొత్తగా చెప్పేదేం లేదు.”

“బస్తాలు బజారులో పెట్టుకో. ఇక్కడ అక్షరాల్లో చూపించు.”

కాగితం మీద నాలుగు వరసల్లో రాసి చూపించాడు. ఆమె తలాడించింది.

“సరే, నాలుగు. ఇక బయల్దేరు.”

“ఇంకొక్కటి అడగండి ఎజే. ఐదుకి.”

“ఆశ ఎక్కువయ్యా నీకు! తప్పు చెబితే ఆ నాలుగూ ఉండదు.”

“పోతే నాదే కదా పోయేది.”

ఆమె కాగితం మీద వేలు పెట్టి చూపించింది. “నీ చీటీలో ఉన్న ఈ మాత్రిక తీసుకో. పై వరస రెండు, ఒకటి. కింది వరస ఒకటి, రెండు. దీంతో గుణించినా దిశ మారని సదిశలు కావాలి.”

కుబాన్ నుదురు రుద్దుకున్నాడు. రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు. కిటికీ అవతల ఎవరో నవ్వుతున్నారు. అతను తలెత్తలేదు.

“ఒకటి, ఒకటి. ఇది మూడింతలవుతుంది.”

“ఇంకోటి లేదూ?”

“ఉంది. ఒకటి, మైనస్ ఒకటి. ఇది గుణించాక కూడా ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. ఎవరేం చేసినా చలించదు, నాలాగా.”

ఆమె పకపకా నవ్వింది. “మా అమ్మ ఈ ఊరి బజారులోనే ఖర్బూజాలు అమ్మేది. నీలాంటివాళ్ళు కాసేపు నిలబడి బేరమాడితేనే ఆవిడకి సరదా. పో, ఐదు!” అంటూ పియాలా పక్కకి తీసి పుస్తకం అతని చేతిలో పెట్టింది.

వరండాలో తన వంతు కోసం నిలబడ్డ తాలాయ్ ఎదురొచ్చాడు. “ఎంతరా?”

“మూడు దగ్గర మొదలెట్టింది. ఐదు దాకా లాక్కొచ్చా. చూసి నేర్చుకో!” కుబాన్ పుస్తకం తెరిచి చూపించాడు. ఐదు, పక్కనే సంతకం.

“నాదీ కాస్త బేరమాడి పెట్టరా బాబూ.”

అంతలో తలుపు తెరుచుకుంది. ఎజె చెయ్యి చాపింది.

“కుబాన్, నా పెన్ను పట్టుకుపోతున్నావు. ఇందాక పుస్తకంలో నీకు ఆ ఐదు వేసి మూసేశాక నీ చేతికిచ్చి మర్చిపోయాను.”

కుబాన్ జేబులోంచి పెన్ను తీశాడు. అంత బేరంలోనూ అతనికి అదనంగా దక్కింది అదొక్కటే, అదీ ఇచ్చేశాడు.