గెలా పుట్టినప్పటి బాన

"ఆ మూత ముట్టుకున్నావంటే నా మీద ఒట్టే!" అంటూ ఎతేరి గుమ్మంలోంచి అరిచింది.

నుగ్జార్ చేతిలోని పలుగు కింద పెట్టలేదు. గెలా పుట్టిన ఏడు ఈ బానను మెడ దాకా భూమిలో పాతి, తన తోట ద్రాక్షరసంతో నింపి, పైన రాతిపలక పెట్టి బంకమట్టితో మూశాడు. కొడుకు పుట్టినప్పుడు మూసిన బాన వాడి పెళ్ళినాడే తెరవాలి. మూసి ఇరవై ఆరేళ్ళయింది.

"పెళ్ళికి తీయకపోతే ఇంకెప్పుడు తీస్తానే?"

"కొట్లో సీసాలు దొరకవా? ఆ పిల్లకి అవి చాలవా?"

"నాతియా మన గెలా చేసుకోవాల్సిన పిల్ల. దానికి తల్లీ తండ్రీ లేరు. ఈ ఇల్లు తప్ప ఇంకో గుమ్మం తెలీదు. దాని పెళ్ళికి కొట్లో సీసాలా?"

"నీకిప్పుడు అదే ఎక్కువైపోయింది. కొడుకు గుర్తే లేడు!"

ఆ మాట నుగ్జార్‌కి ముల్లులా దిగింది. మట్టి పెళ్ళగించి పలక పక్కకి జరిపాడు.

పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ జెమాల్ అతని చిన్ననాటి స్నేహితుడు. ఊళ్ళో ఏ విందుకైనా అతనే పెద్ద. ఏ గ్లాసు ఎవరి పేరు మీద ఎత్తాలో అతను చెప్పనిదే ఎవరూ చుక్క ముట్టరు.

"పులిసిపోయిందనుకో, నన్నేం చెయ్యమంటావురా? నేను పెళ్ళిపెద్దనే గానీ వెనిగర్ పెద్దని కాను."

"నోరు మూసుకుని రుచి చూడరా."

జెమాల్ ఆనపబుర్ర ముంచి గ్లాసులో పోశాడు. తేనెరంగు వైన్‌ను ఎండకు ఎత్తి చూశాడు. వాసన పీల్చాడు. ఓ గుక్క నోట్లో నిలిపి కళ్ళు మూసుకున్నాడు. నుగ్జార్ పలుగు పక్కన పెట్టి దగ్గరికి జరిగాడు. గెలా కోసం దాచింది ఇదొక్కటే. ఇదీ పాడైతే ఎలా?

"చంపక చెప్పరా!"

"నిక్షేపంలా ఉందిరా," అని జెమాల్ ముఖం తిప్పుకున్నాడు.

నుగ్జార్ కూజా నింపుకుని భార్య దగ్గరికి వెళ్ళాడు. "పెళ్ళికూతురికి నువ్వే పొయ్యాలి. నువ్వు పొయ్యకపోతే మళ్ళీ మట్టి కప్పేస్తాను."

"నా చేత్తో పొయ్యను," అంటూ ఎతేరి తలుపు వేసుకుంది. మొగుడి మాటకు ఆమె ఏనాడు విలువిచ్చింది గనక!

ఆదివారం పెరడంతా బల్లలు, చుట్టాలు. రొట్టె, జున్ను, కాల్చిన మాంసం ఉన్నాయి గానీ గ్లాసులు మాత్రం ఖాళీగా ఉన్నాయి. నుగ్జార్ కూజా పట్టుకుని తలుపు వైపే చూస్తున్నాడు. జనం గుసగుసలాడుకున్నారు. నాతియా తల వంచుకుంది.

చివరికి ఎతేరి బయటికి వచ్చింది. సంతాపపు నల్లబట్టలు మార్చుకోలేదు. మొగుడి చేతిలో కూజా లాక్కుని నాతియా గ్లాసులో పోసింది. సగం బల్లమీద ఒలికింది.

"తాగమ్మా. నీకు కాక ఇంకెవరికి?"

నాతియా ఆ చేతులు పట్టుకుని బావురుమంది. పెళ్ళికొడుకు లేచి నుగ్జార్ ముందు వంగాడు. నుగ్జార్ అతని భుజం తట్టాడు.

జెమాల్ దేవుడి పేరు మీద ఒక గ్లాసు, దంపతుల పేరు మీద ఒక గ్లాసు ఎత్తించాడు. తరువాత పోయినవాళ్ళ గ్లాసు వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు.

జెమాల్ మొదట గెలా పేరు చెప్పాడు.