టైర్లకు అంటిన మట్టి

పోలీసు చర్య ముగిసిన నెలకు, ఊరొదిలి పారిపోయిన దొర సూర్యాపేట నుంచి కారులో తిరిగొచ్చాడు. వెంట తుపాకులవాళ్లు. టైర్లు కడగమని బక్కయ్యను పిలిపించాడు.

టైర్ల సందుల్లో నల్లమట్టి గడ్డకట్టింది. పుల్లతో గీకితే నలిగిన జొన్నకంకులు ఊడిపడ్డాయి. దొర పారిపోయాక అతని భూమిలోంచి రైతుకూలీల సంఘం పంచిన రెండెకరాల్లో ఆ వానాకాలమే బక్కయ్య మొదటి పంట వేశాడు.

"ఏ బాటన వచ్చిన్రు దొరా?"

"బాటేందిరా? నా చేన్లకెల్లే వచ్చిన. నీ జొన్నంత తొక్కిచ్చిన. ఇగ గాడ అడుగువెట్టకు."

బక్కయ్య నాలుగు టైర్లూ మెరిసేదాకా తోమాడు. రాలిన కంకులు ఏరి తువ్వాలలో కట్టుకున్నాడు.

"గవెందుకురా?"

"మేకకు, దొరా."

ఇంట్లో భార్య ఆ గింజలనే కడిగి ఉడకబెట్టింది. పంటికింద మట్టి తగిలి కూతురు ఉమ్మేయబోయింది.

"మింగు బిడ్డా," అన్నాడు బక్కయ్య. "ఈ ఏడు మన చేను పంట గింతే."