స్టాంపు పళ్లు

“నువ్విచ్చిన టాంగన్యికా దేశం స్టాంపుకి అంచున పళ్లే లేవు తాతా. నకిలీది అంటగట్టినావు.”

రేపు బడిలో స్టాంపుల ప్రదర్శన. చైత్ర ముఖం మాడ్చుకుంది.

పక్కింటి మునిస్వామి భూతద్దం తీశాడు. “పళ్లు లెక్కపెడితేనే కదమ్మా ఎప్పటి అచ్చో తెలిసేది.”

ఆ మాట చైత్ర తల్లి రేణుకమ్మ చెవిన పడింది. చినిగిన అంచులనుకొని, పిల్లకు మార్కులు తగ్గుతాయని భయపడి, నిన్న తనే నున్నగా కత్తిరించింది.

కత్తెర గాటు కొత్తదని ముసలాయనకు తెలిసిపోయింది. ఒక్కసారి ఆమెను చూసి తల దించుకున్నాడు.

“నాదే తప్పు తల్లీ. కండ్లు సరిగా కనపడక ఇట్లాంటిది ఇచ్చినా.”

“అట్లయితే ఇంక నాకేమీ తేవద్దు.”

మునిస్వామి తన స్టాంపుల డబ్బా మూసి లేచాడు.

రేణుకమ్మ వాకిలికి అడ్డం వచ్చింది.

“కూర్చో మామా. చైత్రా, దాన్ని కత్తిరించింది నేను.”