మూసిన షట్టర్

షట్టర్ మీద మళ్లీ దబదబా దెబ్బలు పడ్డాయి.

పైన వంటింట్లో ముల్లంగి తరుగుతున్న చిజురు చేతిలో కత్తి ఆగిపోయింది. ఎదురింటి మనిషి. ఇంకెవరు?

"కదలకు. కాసేపు బాది వాడే పోతాడు" అన్నాడు ఆమె మొగుడు తెత్సురో. అప్పుడే కారు కింద గరాజులో పెట్టి, మెట్లెక్కి వచ్చాడు.

కారుకు ఇంజను జోరు పెంచే పాత టర్బో పీకించి పెద్దది పెట్టించడంతోనే మొదలైంది గొడవంతా. ఉన్నదానికేం రోగమని చిజురు అప్పుడే మొత్తుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పెద్ద టర్బోకు ఊపిరాడాలని పొగను వడగట్టే డబ్బా కూడా తీయించేశాడు. కారు సందు మలుపు తిరిగిందంటే ఇళ్ల కిటికీలు గజగజలాడేవి.

పైగా తాళంచెవి తీసినా ఇంజను ఆగదు. మరికాసేపు దానంతటదే తిరిగేలా ఒక చిన్న పెట్టె బిగించారు.

"అన్నం ఉడకగానే మూత తీస్తావా? ఉమ్మగిల్లనిస్తావు కదా. టర్బో కూడా అంతే. కాలి వచ్చినదాన్ని టక్కున ఆపితే లోపల నూనె మాడి చస్తుంది" అనేవాడు తెత్సురో.

ఎదురింట్లోకి ఆ మనిషి వసంతంలో దిగాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఇరుగుపొరుగుకు తలా ఒక తువ్వాలు ఇచ్చి నాలుగు మాటలాడి పోవడం మర్యాద. ఈయనగారు గంట కూడా కొట్టకుండా తువ్వాలు గేటుకు తగిలించి పోయాడు. చిజురు గబగబా బయటికొచ్చి వెనక నుంచి కృతజ్ఞతలు చెబితే తల తిప్పి చూడనైనా లేదు. ఎంత పొగరో అనుకుంది.

తర్వాత ఒకరోజు తెత్సురో ఇంజను తిరుగుతుండగానే కారు వదిలి పైకొచ్చాడు. వాళ్ల నాలుగేళ్ల కూతురు కొతోహా కారు వెనక కూర్చుని సుద్దముక్కతో బొమ్మలు గీస్తోంది. ఆ మనిషి సందు దాటి పరుగున వచ్చాడు. కారును చూపించి, పిల్లను చూపించి, ముఖం ఎర్రగా చేసుకుని చేతులు విసిరాడు. కొతోహా జడుసుకుని, అప్పుడే కిందికి దిగివచ్చిన తల్లి కాళ్లను చుట్టుకుంది.

"చప్పుడు పడటం లేదు వాడికి. పోలీసులకు చెబితే కారు పట్టుకుపోతారు" అని తెత్సురో భయం.

"కారు సంగతి సరే, వాడు పిల్లను చూసే చూపు నాకు నచ్చలేదు" అని చిజురు భయం. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి పిల్లను ఒంటరిగా గడప దాటనివ్వలేదు.

ఆలోచించి ఆలోచించి ఇద్దరూ ఒక ఉపాయం కనిపెట్టారు. కారు లోపలికి రాగానే షట్టర్ నేల దాకా దించేయాలి. చప్పుడు బయటికి పోకూడదు.

దానితో ఆ మనిషికి మరీ పిచ్చి పట్టింది. కారు వచ్చిందంటే చాలు, వచ్చి షట్టర్ బాదేవాడు. వీళ్లు పైన ఊపిరి బిగబట్టి కూర్చునేవారు.

ఈ ఆదివారం మధ్యాహ్నమూ అలాగే కూర్చున్నారు.

ఉన్నట్టుండి చిజురు చుట్టూ చూసింది. "పిల్లేదీ?"

"వెనక సీట్లో కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. లేపితే ఏడుస్తుందని వదిలేశా. కాసేపాగి తెస్తాలే."

"కింద వాడుంటే పిల్లను ఒక్కదాన్నే వదిలొచ్చావా?"

"షట్టర్ దించే వచ్చాను కదా. ఎవడు దూరతాడు లోపలికి?"

దెబ్బలు ఆగిపోయాయి. చిజురు గుండె మీద చెయ్యి వేసుకుంది.

అంతలో ఇనుము విరిగిన చప్పుడు. ఆమె కిటికీలోంచి తొంగి చూసింది. ఆ మనిషి గడ్డపారతో షట్టర్ సగానికి ఎత్తి లోపలికి దూరాడు. మరుక్షణం బయటికొచ్చాడు. చేతుల్లో కొతోహా ఉంది.

చిజురుకు పై ప్రాణం పైనే పోయింది. ఒట్టి కాళ్లతో మెట్లు దిగి, గుమ్మం దగ్గర చీపురుకర్ర అందుకుని ఆ వీపు మీద ఎడాపెడా కొట్టింది. పిల్లను ఎత్తుకుపోతున్నాడని అరిచింది. సందంతా తలుపులు తెరుచుకున్నాయి. ఆ మనిషి ఒక్క దెబ్బకూ చెయ్యి అడ్డం పెట్టలేదు. పిల్లను గాలి తగిలేచోట నేల మీద మెల్లగా పడుకోబెట్టాడు.

చిజురు లాక్కుని గుండెకు హత్తుకుంది. కొతోహా తల వాలిపోయింది. పిలిస్తే పలకలేదు.

అప్పుడు తగిలింది ఆమె ముక్కుకు, గరాజు నిండా కమ్ముకున్న పొగ వాసన. అప్పుడే లోపల ఇంజను దానంతటదే ఆగింది.

ఆసుపత్రిలో పిల్ల సాయంత్రానికి కళ్లు తెరిచింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు. సమయానికి బయటికి తెచ్చిందెవరని అడిగాడు.



మూడో రోజు పిల్లను ఇంటికి తెచ్చుకున్నారు. తెచ్చుకున్న వెంటనే మిఠాయి పెట్టె పట్టుకుని ఎదురింటికి వెళ్లారు. కాళ్ల మీద పడైనా సరే, క్షమించమని అడగాలనుకున్నారు.

తలుపుకు తాళం ఉంది. పేరు పలక తీసేశారు. ఇంటి ఓనరు ఒకూబో బామ్మ వాకిలి ఊడుస్తోంది.

"ఆయనా? నిన్ననే ఖాళీ చేయించాను. పిల్లలనెత్తుకుపోయేవాడని సందంతా కోడై కూస్తుంటే ఎలా ఉంచుకోను? పాపం, ఎదురు చెప్పలేదు. వంగి దండం పెట్టి, పెట్టె పట్టుకుని వెళ్లిపోయాడు."

ఎక్కడికని అడిగితే తెలియదంది.

తెత్సురో మిఠాయి పెట్టె గడప మీద పెట్టాడు. "మా కారు చప్పుడుతో ఆయన్ని ఇన్నాళ్లూ చాలా బాధపెట్టాం బామ్మగారూ. దానికి కూడా క్షమాపణ చెప్పుకుందామని వచ్చాం."

బామ్మ ఊడవడం ఆపి అతని వంక వింతగా చూసింది.

"చప్పుడేమిటి నాయనా? మీ కారు మోతకు ఈ ఇంట్లో ఎవరూ నిలవడం లేదనే కదా ఆయనకు అద్దెకిచ్చాను. ఆయనకు పుట్టుకతోనే చెవులు వినపడవు."